పెన్సిల్‌తో రాసిన పుట్టినరోజు

నవంబరు 27, సోమవారం

ఆలిడా అక్కకు, నీ తమ్ముడు ఫైకె ప్రేమతో తలచుకుని రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ నేను బాగున్నాను. నాలుగు గొర్రెలూ బాగున్నాయి. ఇంటి కప్పు ఈ ఏడు కారలేదు. మోకాలు మాత్రం వాన వచ్చే ముందురోజు చెబుతుంది, అంటే మన ఫ్రీస్లాండ్‌లో రోజూ చెబుతుంది. నువ్వూ, బావగారూ, పిల్లలూ అక్కడ సుఖంగా ఉన్నారని తలుస్తాను. మీకు ఎండాకాలం మొదలై ఉంటుంది. మాకు నాలుగున్నరకే దీపాలు పెట్టుకుంటున్నాం.

నీ ఉత్తరం వచ్చి ఆరు వారాలైంది. జవాబు ఆలస్యం చేశాను, కోప్పడకు. నేను రాయడానికి బద్ధకించే మనిషిని కాదు, ఏం రాయాలో తెలియక ఆగిపోయే మనిషిని. అది నీకు తెలుసు. చిన్నప్పుడు పంతులుగారు వ్యాసం రాయమంటే నేను ‘ఆవు’ అని పేరు పెట్టి ‘మాకు ఆవు ఉంది’ అని రాసి ఇచ్చేశాను. ఇంకేముంది రాయడానికి, ఉన్నది అదే కదా.

కోటు కొన్నావా అని అడిగావు. కొన్నాను. నీలం రంగు. జేబులు లోతుగా ఉన్నాయి. వంతెన పని మానేశావా అని అడిగావు. మానలేదు. పదవీ విరమణ చేసినా ఎండాకాలంలో ఇంకా నన్నే పిలుస్తారు. మన వంతెన ఇప్పటికీ చేత్తో చక్రం తిప్పి ఎత్తేదే. పడవ వస్తే నేను వంతెన ఎత్తుతాను, గాలపు కర్రకు కట్టిన చెక్కబూటును కిందికి వదులుతాను, పడవవాళ్లు చిల్లర అందులో వేస్తారు, నేను పైకి లాగుతాను, టోపీ తీస్తాను. ఒక్క మాట అక్కర్లేదు. నలభై ఏళ్లు ఆ ఉద్యోగం చేశానంటే అందుకే చేశాను.

నీ కోడలు పుట్టినరోజుల క్యాలెండర్‌ను మరుగుదొడ్డిలోంచి తీసి వంటగదిలో పెట్టిందని రాశావు. చదివి బాధపడ్డాను. అక్కడి వాళ్లకు అది వింతగా ఉంటుందేమో. కానీ అక్కా, ఇంట్లోవాళ్లూ వచ్చినవాళ్లూ రోజూ తప్పకుండా కూర్చునే చోటు, కూర్చుని ఎదుటి గోడను చూసే చోటు అదొక్కటే కదా. ఎవరి పుట్టినరోజు వస్తోందో అక్కడ కాక ఇంకెక్కడ గుర్తొస్తుంది? వంటగదిలో ఎవరు చూస్తారు? కోడలితో గొడవ పెట్టుకోకు. కానీ ఆ క్యాలెండర్‌ను మాత్రం పారేయనివ్వకు. ఎందుకో చివర చెబుతాను.

ఇక నువ్వు కింద మూడు గీతలు గీసి అడిగిన మాట. “డాక్టరు దగ్గరికి వెళ్లావా?”

యాకోబా నీకు రాసిందని తెలుసు. నీతో బడిలో ఒకే బల్ల మీద కూర్చున్న మనిషి, నీకు రాయకుండా ఎలా ఉంటుంది. ‘మా ఆడపడుచు హిస్కె పుట్టినరోజున నీ తమ్ముడు వాళ్ల మరుగుదొడ్డిలోకి వెళ్లి ఇరవై నిమిషాలు బయటికి రాలేదు, లోపలినుంచి దబదబమని చప్పుళ్లు వచ్చాయి, వచ్చేసరికి తలంతా సున్నం, చేతిలో ఒక బూటు’ అని రాసింది. అంతా నిజమే. కానీ నాకు ఏ జబ్బూ లేదు. డాక్టరు దగ్గరికి వెళ్లలేదు, వెళ్లాల్సిన పని లేదు. అసలు జరిగింది యాకోబాకు తెలియదు. నీకు మొదటినుంచి చెప్పాలి. నువ్వు న్యూజిలాండ్ వెళ్లాక జరిగిన కథ ఇది. ఇన్నేళ్లలో ఒక్క ఉత్తరంలోనూ రాయలేదు. సిగ్గేసింది.

హిస్కె నీకు గుర్తుందా? పాల పడవ నడిపే ఆయన చిన్న కూతురు. నువ్వు వెళ్లేటప్పటికి దానికి పద్నాలుగేళ్లు, రెండు జడలు. తర్వాత పెద్దదైంది. తండ్రి పడవలో పాల డబ్బాల మీద కూర్చుని మన వంతెన కిందుగా రోజూ వెళ్లేది. నేను అప్పుడే ఆ ఉద్యోగంలో చేరాను. చెక్కబూటు కిందికి వదిలితే తండ్రి చిల్లర వేసేవాడు, ఆ పిల్ల ఒక పిప్పరమెంటు బిళ్ల వేసేది. రెండు ఎండాకాలాలు వేసింది. తర్వాత ఆదివారాలు కలిసి కట్ట మీద నడిచేవాళ్లం. అది మాట్లాడేది, నేను వినేవాణ్ని. ఇద్దరికీ బాగానే ఉండేది.

దానికి ఇరవై రెండేళ్లు వచ్చిన పుట్టినరోజుకు వెళ్లాను. జూన్ మూడు. కుర్చీలు గుండ్రంగా వేశారు. పద్నాలుగు మంది చుట్టాలు. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చెయ్యి కలిపి ‘మీ అమ్మాయి పుట్టినరోజుకు అభినందనలు, మీ మేనకోడలి పుట్టినరోజుకు అభినందనలు’ అంటూ గుండ్రం పూర్తి చేసేసరికి నా జన్మకు సరిపడా మాట్లాడేశాననిపించింది. వాళ్ల మేనమామలిద్దరి మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. భయానికి కాఫీ తాగాను. నాలుగు కప్పులు.

అయిదో కప్పు పోస్తూ హిస్కె వంగి నా చెవిలో అంది:

“ఫైకె, వెళ్లేలోపు ఒక్కసారి మా బాత్‌రూమ్‌కి వెళ్లిరా.”

నా చెవులు కాలిపోయాయి. నేను కాళ్లు కదపడం చూసి ఉంటుందనుకున్నాను. అవసరం నిజంగానే ఉంది, దాచడం ఎందుకు. కానీ ఆ తలుపు సరిగ్గా ఆ గదిలోకే తెరుచుకుంటుంది. పద్నాలుగు మంది నిశ్శబ్దంగా చీజ్ ముక్కలు నములుతున్నారు. ప్రతి చప్పుడూ వినిపిస్తుంది.

“అక్కర్లేదు” అన్నాను.

“వెళ్లిరా అంటున్నా కదా.”

“అక్కర్లేదు హిస్కె. నాకేం అవసరం లేదు.”

దాని మొహం ఎర్రబడింది. కాఫీ కూజా బల్ల మీద గట్టిగా పెట్టి లోపలికి వెళ్లిపోయింది. నేను ఇంకో గంట కూర్చుని, సైకిలెక్కి, రెండో వంతెన దాటగానే సైకిలును గడ్డిలో పడేసి విల్లో చెట్ల వెనక్కి పరిగెత్తాను.

ఆ ఆదివారం హిస్కె కట్ట మీదికి రాలేదు. పడవలోనూ రాలేదు. నాకేమీ అర్థం కాలేదు. వెళ్లి అడగొచ్చు కదా అంటావు. అడిగేవాణ్నయితే నేను ఫైకెను ఎలా అవుతాను? మరుసటి ఏడు అది హార్లింగెన్ రేవులో ఓడల్ని లాగే టగ్గు పడవ నడిపే ఆయన్ని పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. తర్వాత మూడేళ్లకు నాకు గ్రీటా దొరికింది. నేను అడగలేదు, గ్రీటాయే అడిగింది, నీకు తెలుసు. నలభై ఏళ్లు ఆమెతో సుఖంగా బతికాను. అందులో అబద్ధం లేదు. పిల్లలు లేరన్న లోటు తప్ప వేరే లోటు లేదు. ఆమె పోయి తొమ్మిదేళ్లు.

ఈ ఏడు మార్చిలో హిస్కె తిరిగొచ్చింది. భర్త పోయాడు. అన్న పోయాడు. అన్న భార్యే కదా మన యాకోబా. ఆమె కొత్త ఇళ్లలోకి మారిపోవడంతో వాళ్ల అమ్మానాన్నల నాటి పాత ఇల్లు ఖాళీగా ఉంది. వచ్చే వసంతంలో అమ్మేదాకా హిస్కె అందులో ఉంటుందన్నారు. తర్వాత హార్లింగెన్‌లో కొడుకు ఇంటి పక్కన ఒక ఫ్లాట్ చూసిపెట్టారు. సముద్రం కనిపిస్తుందట, లిఫ్టు ఉందట. నవంబరు నెలాఖరులోగా ఔననో కాదనో చెప్పాలి.

మేలో ఒకరోజు నేను వంతెన ఎత్తి ఉంచాను. ఇటుపక్క సైకిలు ఆపుకుని ఎవరో ముసలావిడ నిలబడింది. జుట్టు తెల్లగా ఉంది. మొహం అదే.

“ఇంకా బూటుతోనే అడుక్కుంటున్నావా?” అంది.

“ఆఁ” అన్నాను.

“నీ మాటలు ఏమీ తగ్గలేదే!” అని నవ్వింది. వంతెన దించాను. సైకిలెక్కుతూ వెనక్కి తిరిగి, “నా పుట్టినరోజు ఇంకా జూన్ మూడునే వస్తోంది. మార్చలేదు” అని చెప్పి వెళ్లిపోయింది.

మన దగ్గర పుట్టినరోజుకు ఎవరూ ఎవరినీ పిలవరు కదా. తెలిసినవాడు వస్తాడు. తెలిసి రాకపోతే రానట్టే. నేను గడ్డం గీసుకుని వెళ్లాను.

అవే కుర్చీలు. ఈసారి తొమ్మిది మందే. యాకోబా ఉంది. పశువుల డాక్టరు డౌవె ఉన్నాడు. వాడికీ పదవీ విరమణ అయింది కానీ నోటికి కాలేదు. చేతులు కలిపాను, అభినందనలు చెప్పాను, కూర్చున్నాను. నాలుగు కప్పులు కాఫీ తాగాను. అలవాటు. డెబ్భై ఆరేళ్ల వయసులో నాలుగు కప్పులంటే, అక్కా, పద్నాలుగు మంది చుట్టాలున్నా లెక్కచెయ్యం. లేచి వెళ్లాను.

లోపల ఎదుటి గోడకు వాళ్లమ్మ నాటి క్యాలెండర్ వేలాడుతోంది. గాలిమరల బొమ్మలది. ఏడాది అంకె ఉండదు, వారాల పేర్లు ఉండవు, తేదీలే కాబట్టి అలాంటివి ఎన్నేళ్లయినా పాతబడవు. జూన్ పేజీ ఉంది. ఒకరి ఇంట్లో పేజీ తిప్పి చూడడం మర్యాద కాదు. అందరూ చూస్తారు. నేనూ తిప్పాను. జూలై. ఆగస్టు. సెప్టెంబరులో కుక్క పేరు ఉంది. అక్టోబరు. నవంబరు.

నవంబరు పంతొమ్మిది. ‘ఫైకె.’

నీలం సిరా గోధుమరంగుకు తిరిగింది. కానీ ఆ ‘ఫై’ మెలిక వాళ్లమ్మది కాదు. ఆ ఇంట్లో అలా రాసే మనిషి ఒక్కతే. పాల డబ్బాల మీద సుద్దముక్కతో పేర్లూ అంకెలూ రాస్తుంటే రెండు ఎండాకాలాలు చూశాను. పెళ్లి చేసుకోబోయే వాళ్ల పేరుని మొదట అక్కడే రాస్తారు. ఆ తర్వాతే ఇంట్లో చెబుతారు. అదీ సంగతి. ఆ రోజు నన్ను అది చూడమని పంపింది. నేను పద్నాలుగు మంది ముందు ‘నాకేం అవసరం లేదు’ అన్నాను.

యాభై మూడేళ్లు, అక్కా. ఒక్క తలుపు తియ్యక.

ఇంకా దగ్గరగా చూద్దామని లాగాను. క్యాలెండర్ కిందపడింది, దాంతో మేకూ ఊడింది, మేకుతో గోడ సున్నం కొంత నా నెత్తిన పడింది. మేకు వెతకడానికి పది నిమిషాలు పట్టింది. వంగితే మోకాలు, లేస్తే తలకు చెయ్యి కడుక్కునే తొట్టి. దొరికాక బూటు విప్పి మడమతో కొట్టడం మొదలుపెట్టాను. అదే యాకోబా విన్న చప్పుడు.

బయటినుంచి డౌవె తలుపు తట్టాడు.

“ఒరేయ్ ఫైకె! రావట్లేదా?”

“వస్తున్నా.”

“నువ్వు కాదురా. అది రావట్లేదా అని! కంగారుపడి గోడను కొట్టకు. కూర్చుని కాస్త ముందుకు వంగు. పోతులకైతే నేను పొట్ట మీద నిమిరేవాణ్ని.”

“నన్నొదిలెయ్ డౌవె.”

“సిగ్గెందుకురా, మన వయసులో అందరికీ ఉండేదే!”

బయటికొచ్చాను. హిస్కె నా తలను చూసింది, నా చేతిలో బూటును చూసింది. నా ప్లేటులో రెండో కేకు ముక్క పెట్టింది. మన దగ్గర ఎవరికైనా ఒక్క ముక్కే, రెండోది ఎవరికి పెడతారు చెప్పు! యాకోబా కళ్లు ఇంతింత చేసుకుంది.

ఆ రోజు చెప్పొచ్చు. చెప్పలేదు. వారంలో ఒకసారి తోటలో పండినవి పట్టుకెళ్లేవాణ్ని, ఉల్లికాడలు, చిక్కుడుకాయలు. గేటు దగ్గర నిలబడి ఇచ్చేవాణ్ని. “లోపలికి రావా?” అనేది. “గొర్రెలున్నాయి” అనేవాణ్ని. గొర్రెలు ఎక్కడికీ పోవు, అది దానికీ తెలుసు. దారి పొడవునా చెప్పాల్సిన మాట కూడబలుక్కుంటూ వెళ్లేవాణ్ని, గేటు కనిపించగానే అది ఎటో పోయేది.

అనుమానం కూడా ఉండేది, దాచను. ఆ క్యాలెండర్లో కుక్క పేరు కూడా ఉంది కదా. చచ్చి నలభై ఏళ్లైన కుక్క. పేరు తీసెయ్యలేదంటే గుర్తున్నట్టా, తీసే ఓపిక లేనట్టా? అందుకని ఒకటి అనుకున్నాను. నా పుట్టినరోజుకు పిలవకుండా హిస్కె వస్తే ఆ పేరుకు అర్థం ఉన్నట్టు. రాకపోతే నేనూ కుక్కా ఒకటే. నెలాఖరుకి అది హార్లింగెన్ వెళ్లిపోతుంది, నేను గొర్రెలు చూసుకుంటాను.

ముందురోజు నా క్యాలెండర్ ముందు కూర్చున్నాను. అందులో ప్రతి పేరూ గ్రీటా రాసింది. నీదీ, బావగారిదీ, పిల్లలదీ, అందరివీ. నేను రాసినవి శిలువ గుర్తులు మాత్రమే, పోయినవాళ్ల పేర్ల పక్కన. గ్రీటా పేరు పక్కనా నేనే వేశాను. పేరు రాయడం ఎలాగో చెయ్యి మర్చిపోయింది. పెన్ను తీశాను, మళ్లీ జేబులో పెట్టాను. గ్రీటా అక్షరాల మధ్య ఇంకో ఆడమనిషి పేరు సిరాతో రాయాలంటే ముందు ఒక మాట అడగాలనిపించింది. ఎవరిని అడగను? వడ్రంగి పెన్సిల్ తీసుకుని జూన్ మూడున ‘హిస్కె’ అని రాశాను. కనీకనిపించకుండా రాశాను.

పంతొమ్మిదో తేదీ ఆదివారం. వాన. ఆరు కుర్చీలు గుండ్రంగా వేశాను. రెండింటికి డౌవె వచ్చాడు, రెండున్నరకు యాకోబా వచ్చింది. మిగతా మూడు కుర్చీలు మా ముగ్గుర్నీ చూస్తూ కూర్చున్నాయి.

“ఎవరికోసమయ్యా ఆ కుర్చీలు?” అంది యాకోబా.

“ఎవరైనా వస్తే” అన్నాను.

“వానలో ఎవరొస్తారు? కేకు కొయ్యి.”

మూడున్నర అయింది. కేకు సగం అయింది. డౌవె ఒక ఈతలో మూడు పిల్లల్ని పెట్టిన గొర్రె సంగతి రెండోసారి చెబుతుండగా తలుపు చప్పుడైంది. హిస్కె. కోటునిండా వాన. ముందు డౌవె చెయ్యి పట్టుకుంది, “ఫైకె పుట్టినరోజుకు అభినందనలు.” తర్వాత యాకోబాతో, “వదినా, ఫైకె పుట్టినరోజుకు అభినందనలు.” తర్వాత నా దగ్గరికొచ్చింది. బుగ్గ మీద ముద్దు పెట్టడానికి ముందుకు వంగింది. సరిగ్గా అప్పుడే నేను చెయ్యి చాపాను. చెయ్యి దాని పొట్టలో గుచ్చుకుంది.

“చంపుతావా!” అంది. జేబులోంచి పిప్పరమెంటు బిళ్లల పొట్లం తీసి నా చేతిలో పెట్టింది. “ఇదే నీ బహుమతి. బూటు తెచ్చుకోలేదు, చేత్తో తీసుకో.”

కాఫీ పోశాను. రెండు కప్పులు తాగింది. మూడోది వద్దంది. లేచి నిలబడింది.

“మీ బాత్‌రూమ్ ఎటు?”

చూపించాను. తలుపు పడింది. మా గోడలు పలుచనివి. డౌవె కూడా మాట ఆపాడు. లోపల కాగితం తిరిగిన చప్పుడు. అక్టోబరు, అనుకున్నాను. ఇంకోటి. సెప్టెంబరు. ఇంకోటి. ఇంకోటి. అయిదోది తిరిగాక ఆగిపోయింది. చాలాసేపు ఏమీ లేదు.

“ఏంటో, ఈమధ్య అందరూ మరుగుదొడ్లలోనే కాపురముంటున్నారు” అంది యాకోబా.

తలుపు కొంచెం తెరుచుకుంది. లోపలినుంచి కేక.

“ఫైకె! ఒక్కసారి ఇలా రా.”

అక్కా, నువ్వే ఆలోచించు. ఇద్దరి ముందు, పట్టపగలు, ఒక ఆడమనిషి ఉన్న మరుగుదొడ్డిలోకి. ‘అక్కర్లేదు’ అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మరీ ముందుకొచ్చి పళ్ల దగ్గర నిలబడింది. డౌవె నన్నే చూస్తున్నాడు. యాకోబా కేకు ముక్క గాల్లోనే పట్టుకుంది. లేచాను. ఎలా లేచానో తెలియదు. ఆ గది అటూ ఇటూ మూడు అడుగులు, నీకు తెలుసు. వెళ్లాను.

“తలుపెయ్యి, చలి” అంది. వేశాను.

“ఇదేంటి?” వేలు పెట్టి చూపించింది. “పెన్సిలా?”

“ఆఁ.”

“ఎందుకు, చెరపడానికి వీలుగానా?”

“కాదు.”

“మరి?”

“గ్రీటాని అడగలేదు” అన్నాను.

హిస్కె వేలు తీసేసింది. “ఆమెది ఎప్పుడు?” అంది.

“ఏప్రిల్ ఎనిమిది.”

రెండు పేజీలు తిప్పి చూసింది. పేరు చదివింది. శిలువ మీద వేలు పెట్టింది. “ఎంత పొందిగ్గా రాసేది” అంది. “నా పేరు తప్ప నీ రాత ఒక్కటీ లేదిందులో.” మళ్లీ జూన్‌కి తిప్పింది. “ఫైకె, మా ఇంట్లో ఆ రోజు నువ్వు క్యాలెండర్ మళ్లీ తగిలించి వచ్చావు కదా. ఏ నెల తగిలించావో తెలుసా?”

తెలియదు.

“నవంబరు. జూన్ మూడో తేదీన మా ఇంట్లో నవంబరు వచ్చేసింది. అప్పుడే తెలిసింది నువ్వు చూశావని. నేను పేజీ తిప్పలేదు. ఇవాళ చెబుతాడు, రేపు చెబుతాడు అని అలాగే ఉంచాను. మా ఇంట్లో ఈ ఏడు జూలై రాలేదు, ఆగస్టు రాలేదు. సొంత మనవడి పుట్టినరోజు మర్చిపోయాను, వాడు మాట్లాడ్డం మానేశాడు. నువ్వేమో ఉల్లికాడలు పట్టుకుని గేటు దగ్గర!”

“గొర్రెలు...” అన్నాను.

“గొర్రెల మాటెత్తావంటే ఇక్కడే నీళ్లలో ముంచుతాను. పెన్ను ఉందా?”

ఇచ్చాను. తీసుకోలేదు. “నువ్వే రాయి.”

గోడ మీదే పెట్టి రాయబోయాను. నిలువు గోడ మీద పెన్నులో సిరా దిగదు. గీకాను, విదిలించాను, దిగలేదు. హిస్కె చూసి చూసి క్యాలెండర్‌ను మేకు నుంచి తీసి నా చేతిలో పెట్టి, అటు తిరిగి కాస్త వంగింది. “ఊఁ. ఇక్కడ పెట్టి రాయి” అంది. దాని వీపు మీద పెట్టుకుని, పెన్సిల్ గీతల మీదుగా పేరు రాశాను. సిరా బాగా దిగింది.

అక్కడ ఆపేయొచ్చు. కానీ మొహం అటు ఉంది కదా. మొహం కనిపించకపోతే నాకు కొంచెం నయం. ఇంకో రెండు మాటలు రాశాను.

“పేరుకి ఇంతసేపేంటి? ఏం రాస్తున్నావు?” అంది. వీపుకి తెలిసిపోయింది.

క్యాలెండర్ చేతికిచ్చాను. కళ్లజోడు పైకి తోసి చదివింది.

‘హిస్కె. హార్లింగెన్ వద్దు.’

“ఇది పుట్టినరోజులు రాసుకునే క్యాలెండరయ్యా, అర్జీ కాదు” అంది. ముక్కు తుడుచుకోడానికి కాగితం కావాల్సి వచ్చింది. ఆ గదిలో కాగితానికి కొరత లేదు.

అప్పుడే బయటినుంచి డౌవె తలుపు తట్టాడు. “ఒరేయ్, ఈసారి ఎవరికి రావట్లేదు?”

“వస్తున్నాం!” అని అరిచింది హిస్కె. ‘వస్తున్నాం’ అంది, అక్కా. ఆ మాట యాకోబా కూడా వింది. ఈపాటికి నీకు ఉత్తరం వేసే ఉంటుంది. నాదే ముందు అందాలని ఇవాళ వానలో తపాలా పెట్టె దాకా వెళ్తాను.

మొన్న గురువారం హిస్కె కొడుక్కి ఫోను చేసి ఫ్లాట్ వద్దని చెప్పింది. “అమ్మా, అక్కడ లిఫ్టు ఉంది కదా” అన్నాడట. “ఇక్కడ మెట్లే లేవు” అందట. ఇల్లు అమ్మకం అయ్యాక ఏప్రిల్‌లో ఇక్కడికి వచ్చేస్తుంది. ఎనిమిదో తేదీ దాటాక వస్తానంది. ఎనిమిదిన మనిద్దరం గ్రీటా సమాధి దగ్గరికి వెళ్లి అభినందనలు చెప్పి వద్దాం, నేను ఎప్పుడూ చెప్పలేదు కదా అంది. నాకు నోట మాట రాలేదు. ఈసారి అది నా తప్పు కాదు.

కొత్త కోటు వేసుకుని వెళ్లి ఊరి కార్యాలయంలో పెళ్లికి రోజు అడిగొచ్చాను. మే నెలలో ఒక మంగళవారం ఖాళీ ఉందన్నారు. నాకు డెబ్భై ఏడు, దానికి అప్పటికి డెబ్భై ఆరు నిండబోతూ ఉంటుంది. గుమాస్తా “తొందరేమీ లేదుగా?” అన్నాడు. “ఉంది” అన్నాను.

ఒక్కటే తగువు. దానికో క్యాలెండర్, నాకో క్యాలెండర్, మరుగుదొడ్డి ఒక్కటే. తీసెయ్యడం ఇద్దరికీ ఇష్టం లేదు. నాదాన్లో గ్రీటా చేతిరాత ఉంది, దానిదాన్లో వాళ్లమ్మ చేతిరాత ఉంది. చివరికి పక్కపక్కన రెండు మేకులు కొట్టాను. ఈసారి సుత్తితో.

మీ ఇంటికి వచ్చి ఉండిపొమ్మని అడిగావు. ఒంటరిగా ఎందుకురా అని రాశావు. ఆ మాట చదివినప్పుడల్లా కళ్లు తడిసేవి. ఇక రాలేను, అక్కా. ఏమీ అనుకోకు. ఒంటరిగా ఉండడం ఇక కుదరదు.

పెళ్లికి రమ్మని పిలవను. అంత దూరం, బావగారి ఆరోగ్యం, నాకు తెలుసు. ఒక్క పని చెయ్యి చాలు. నీ కోడలు వంటగదిలో పెట్టిందన్నావే, ఆ క్యాలెండర్ తియ్యి. జూన్ మూడో తేదీన హిస్కె పేరు రాయి. పెన్సిల్‌తో వద్దు.

బావగారికి నా నమస్కారాలు. పిల్లలకు ముద్దులు.

ఇట్లు,
నీ తమ్ముడు
ఫైకె

ఇది చదివి హిస్కె ‘అన్నీ రాశావు, సంతోషంగా ఉన్నానని మాత్రం రాయలేదేం?’ అంటోంది. ఉన్నాను.